పెరటిచెట్టు మందునకు వచ్చును

(గండికోటలో జరిగిన వార్షిక మహాసభ రెండవదినమున చేసిన ఉపన్యాసము)



ఇట్టి మహాసభలో విద్యనుగూర్చియు, వర్తకమునుగూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటనుగూర్చియు మాటలాడిన విద్వాంసులు పలువురు కలరు. అట్టివారి వెనుక నిలిచి తోటపనినిగూర్చి నాలుగు మాటలు చెప్పుటకు నేను పూనుకొంటిని. తీర్మానములును, చందాలును, వసతిగృహములును ఉండగా ఈ పాదులు, కుండీలు మనకేల యని నిన్నటిరాత్రి మిత్రుడొకడు నన్ను హాస్యమాడెను. నేను వైద్యుడను గాను, వృక్షశాస్త్రము చదివినవాడను గాను. ముప్పదియైదేండ్లు అంగడిలో గద్దెమీద కూర్చుండి గజముబద్ద పట్టినవాడను. అంగడి కుమారునకు అప్పగించిన పిమ్మట పదేండ్లుగా పార పట్టినవాడను. ఈ రెండు బ్రతుకుల తారతమ్యము నా దేహమునకు తెలియును. ఆ యొక్క యర్హతతోనే మీయెదుట నిలిచితిని. దోషములున్న పెద్దలు మన్నింతురుగాక.

నేటి ఉదయము మనలో పెక్కుమంది కోటను చుట్టి చూచితిమి. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారు గండిని చూచి పిల్లలు కేరింతలు కొట్టిరి. పెద్దలు చేతులు జోడించిరి. మాధవరాయస్వామి గోపురమును, రంగనాథుని గుడిని, జుమ్మామసీదును, ధాన్యపుకొట్టును, చెరసాలను చూచి వచ్చితిమి. అయినను ఈ కోటవారి తోట యెక్కడ నుండెనని అడిగినవారు అరుదు. విజయనగరప్రభువుల కాలమున పెమ్మసాని నాయకు లేలిన ఈ దుర్గము 17వ శతాబ్దినడుమ మీర్ జుమ్లా చేతజిక్కెను. 1652లో ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుడు టావెర్నియే ఇచ్చటికే వచ్చి అతనిని దర్శించి, ఆ ముచ్చట తన యాత్రాగ్రంథమున వ్రాసికొనెను. కోటలోపల రాయలచెరువు కలదు. కొండదిగువను పెన్నయొడ్డున పారేబాగు అను తోట యుండెడిదనియు, రాయలచెరువు నీటిని గొట్టములద్వారా ఆ తోటకు దించెడివారనియు స్థలవృత్తాంతములు చెప్పుచున్నవి.

ఒక్క క్షణ మాలోచింపుడు. చుట్టును శత్రుభయము. బురుజులమీద ఫిరంగులు. కొట్టునిండ ధాన్యము, మందుగుండు. ఇట్టి దుర్గమున, ఎండకు బండ పగులు ఈ సీమలో, కొండమీది నీటిని క్రిందికి దించి పూలకును పండ్లకును పోయవలసిన యక్కర యేమి? నాకు తోచిన సమాధాన మొక్కటే. ఎల్లవేళల లెక్కలతోను భయముతోను గడుపు మనస్సునకు పచ్చదనము కొంతసే పైనను కావలెను. అది భోగము కాదు. అన్నమునకు తరువాతి యక్కర. నేడు మనకు శత్రువులు గుఱ్ఱములమీద రారు. బ్యాంకినుండి వచ్చు కాగితము రూపమున వత్తురు; పిల్లల పరీక్షాఫలితముల రూపమున వత్తురు; వైద్యుడు వ్రాసియిచ్చిన రక్తపరీక్ష చీటీ రూపమున వత్తురు. ఫిరంగులున్న వానికే తోట కావలసివచ్చినపుడు ఏ యాయుధమును లేని మనకు అక్కరలేదా?

మన పూర్వులకు ఈ సంగతి చెప్పవలసిన పని యుండెడిది కాదు. మన ప్రాంతపు పాతయిండ్లలో ముందు అరుగు, నడుమ పడసాల, వెనుక పెరడు. పెరటిలో బావి, బావి నీరు జారు కాలువవెంట అరటి, కరివేప, నిమ్మ, మల్లె, ముంగిట తులసికోట. ఇంటి ఇల్లాలు ప్రొద్దున లేచి నీరు తోడి చెట్లకు పోసినపిదపనే పొయ్యి వెలిగించెడిది. దానికి వ్యాయామమని పేరుపెట్టిన వారు లేరు. భక్తులు సైతము తోటమాలులైరి. శ్రీవిల్లిపుత్తూరిలో విష్ణుచిత్తుడు తులసివనము పెంచి మాలలు కట్టెను. ఆ వనముననే గోదాదేవి ఆయనకు దొరకెను. తిరుమలమీద పూలతోట పెంచుటకు రామానుజుల యాజ్ఞపై వెడలిన అనంతాళ్వారు, నిండుచూలాలగు భార్యతో గూడ తానే గడ్డపార పట్టి చెరువు త్రవ్వెననియు, సాయము చేయవచ్చిన బాలుని సైతము వలదనెననియు కథ మనమెల్లరము విన్నదే. ఆయన గడ్డపార నేటికిని స్వామివారి మహాద్వారమున వ్రేలాడుచున్నది. ఆ దారిని పోవునపుడు మనము దండము పెట్టుదుము. ఇంటికి వచ్చి గడ్డపార ముట్టుదుమా?

ఇక మన సంగతి చూడుడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో మనవారు కొంత సంపాదించి పాత మిద్దెలు పడగొట్టి మేడలు కట్టిరి. సంతోషమే. కాని పెరడును ఏమి చేసితిమి? కడపబండలు పరచితిమి, లేనియెడల సిమెంటు పోసితిమి. చీపురుతో ఊడ్చుటకు సుళువు, నీటితో కడుగుటకు సుళువు, బురద యుండదు. మన్ను కనబడిన నామోషీ యైనది. అంగడిలో పదునాలుగు గంటలు కూర్చుండుట, ఇంటికి వచ్చి భోజనముచేసి టెలివిజను ముందరనో చేతిలోని ఫోను ముందరనో మరల కూర్చుండుట. కాళ్ళున్నవి మోటారుసైకిలు ఎక్కుటకు మాత్రమే యనునట్లున్నది. దీని ఫలమేమో ఈ సభలోనే తెలియుచున్నది. మధ్యాహ్నభోజనవేళ వడ్డనవారు లడ్డు తెచ్చినపుడు ఎన్ని చేతులు విస్తరికి అడ్డము వచ్చెనో నేను చూచితిని. మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ళనొప్పి, నిద్రపట్టకపోవుట, కారణము తెలియని దిగులు: ఈ యైదును మన యిండ్లలో బంధువులవలె తిష్ఠవేసినవి. నాకు మొదటి రెండును ఉన్నవి గావున పరులను నిందించుచున్నానని తలపవలదు.

తోటపని దేహమున కేమి చేయునో ముందుగా మనవి చేసెదను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, పెద్దవారందరు వారమునకు కనీసము 150 నిమిషములు ఓమాదిరి శ్రమ చేయవలెననియు, వారమున రెండుదినములైనను కండరములకు బలముకలుగు పని చేయవలెననియు ఉన్నది. అరువదియైదేండ్లు దాటినవారు పడిపోకుండుటకు నిలకడ నేర్పు కదలికలను సైతము చేయవలెనని చెప్పిరి. వారమునకు ఐదుదినములు దినమునకు అరగంట చొప్పున తోటలో పనిచేసిన 150 నిమిషముల లెక్క సరిపోవును. పార పట్టి త్రవ్వినపుడు భుజములును నడుమును పనిచేయును. నీటికుండ మోసినపుడు చేతులకు పట్టు కలుగును. కలుపు తీయుటకు వంగి లేచునపుడు తొడలకును మోకాళ్ళకును పని కలుగును. కండరములు పనిచేయునపుడు రక్తములోని చక్కెరను తమ యింధనముగా లాగికొనును. అందువలననే మధుమేహరోగులకు వైద్యులు శ్రమను మందుతో సమానముగా చెప్పుచున్నారు. ప్రొద్దుటి యెండ ఒంటికి తగులును. తానే పెంచిన బెండకాయను బీరకాయను తినుటకు పిల్లలు గూడ మారాము చేయరు.

వ్యాయామశాలకు పోవచ్చును గదా యందురు. పోవచ్చును. నేనును రుసుము కట్టి పోయితిని. పదునెనిమిది దినములు పోయి మానితిని. ఇనుపగుండ్లు మనము రాకున్నను అట్లే పడియుండును. మొక్క అట్లు కాదు. రెండుదినములు పోకున్న తల వాల్చును. దానికొరకైనను లేవవలసివచ్చును. మనకొరకు మనము చేసికొనలేని పనిని మరొక ప్రాణికొరకు చేయుదుము, మనుష్యస్వభావ మట్టిది. తోటపనియందలి రహస్యమెల్ల ఇందే యున్నదని నా నమ్మకము.

ఇక మనస్సు సంగతి. ఈ విషయమున పాశ్చాత్యవైద్యులు చాలకాలముగా ఆలోచించుచున్నారు. అమెరికాలోని బెంజమిన్ రష్ అను ప్రసిద్ధవైద్యుడు 1812లో మనోవ్యాధులనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆసుపత్రిలో కట్టెలు కొట్టుట, తోటలో త్రవ్వుట మొదలగు పనులు చేసిన రోగులు తరచుగా కోలుకొనుచుండగా, హోదాచేత ఏ పనియు చేయకుండ గడపిన గొప్పవారు ఆ గోడలనడుమనే కృశించుచుండిరని అందు వ్రాసెను. పోషకులగు పెద్దలు ఈ మాటను చిత్తగింపవలెను! 1984లో రోజర్ ఉల్‌రిక్ అను పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని యొక ఆసుపత్రి రికార్డులను పరిశీలించెను. పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగులలో సగముమందికి కిటికీనుండి చెట్లు కనబడెను. తక్కిన సగముమందికి ఇటుకగోడ కనబడెను. చెట్లు కనబడినవారు సగటున ముప్పాతిక దినము ముందుగా ఇల్లు చేరిరి. బలమైన నొప్పిమందులు వారికి తక్కువ కావలసివచ్చెను. రోగులు కొద్దిమందియే. అయినను దూరమునుండి చూచిన చెట్టునకే అంత గుణమున్నపుడు చేతితో పెంచిన చెట్టున కెంత యుండవలెను?

హాలెండు దేశమున 2011లో ప్రకటింపబడిన పరిశోధన ఈ ప్రశ్నకు మరింత దగ్గరగా వచ్చును. అచ్చట పట్టణవాసులు ఊరి చివరను చిన్నచిన్న తోటమళ్ళను పుచ్చుకొని సేద్యము చేసికొందురు. అట్టి 30 మందికి ముందుగా మనస్సును కలతపెట్టు పని యిచ్చి, తరువాత కొందరిని అరగంట తోటపనికిని, కొందరిని అరగంట పుస్తకపఠనమునకును పంపిరి. కలతవేళ దేహమున పెరుగు కార్టిసాల్ అను ద్రవ్యము ఇరువురిలోను తగ్గెను. తోటపని చేసినవారిలో ఎక్కువ తగ్గెను. వారి మనస్సు మరల తేటపడెను; చదివినవారికి అంతగా తేటపడలేదు. మన పొరుగున బెంగుళూరులోని నిమ్హాన్సు ఆసుపత్రిలో మనోరోగుల పునరావాసమునకై నేర్పు పనులలో తోటపని గూడ ఒకటి. ఇది వట్టి కాలక్షేప మనరాదు.

శాస్త్రము చెప్పితిని. ఇక నా కన్నులార చూచినదానిని చెప్పెదను.

మా అక్కగారిని జమ్మలమడుగు పడమటి ప్రాంతమున, పెన్నకు దాపుననున్న యొక గ్రామమునకు ఇచ్చిరి. పదునాఱవయేట ఆ యింట అడుగుపెట్టి అరువదియేండ్లకు పైగా అచ్చటనే కాపురము చేసెను. గండికోట జలాశయము నిండుగా 26.85 టీఎంసీల నీరు నిలుచునట్లు కట్టబడినది. 2020వ సంవత్సరమున నీటిమట్టము పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు మొదలగు గ్రామములలోనికి నీరు వచ్చెను. అట్లు మునిగిన యూళ్ళలో మా అక్కగారి యూరును ఒకటి. ఎవరిని నిందించుటకును ఈ మాట చెప్పుటలేదు. నీరు కావలసినదే. రాయలసీమవానికి నీటి విలువ చెప్పవలసిన పనిలేదు. ఆ నీరే ఎత్తిపోతలద్వారా చిత్రావతి జలాశయమునకును, పైడిపాలెమునకును పోవుచున్నది. పులివెందుల సీమ చీనీతోటలకును, అరటితోటలకును ఆ నీటి యాధారము కలదు.

అక్కగారికి క్రొత్త కాలనీలో ఇల్లు కట్టుకొనిరి. గోడలు బాగుగనే యున్నవి, దీపములున్నవి, కుళాయి యున్నది. పెరడు లేదు. పాత యింటి వెనుక ఆమె చేతితో నాటిన నిమ్మచెట్టు, మునగచెట్టు, కనకాంబరపు మడులు, దడిమీద చిక్కుడుతీగ ఉండెడివి. ఆ యింటనుండి వచ్చునప్పుడు ఆమె వెండిచెంబుకంటె ముందుగా ఒక గుడ్డమూట కట్టికొనెనని నా మేనల్లుడు నవ్వుచు చెప్పెను. మూటలో నేమున్నదో అప్పుడెవరును అడుగలేదు.

కాలనీకి వచ్చిన రెండు నెలలకు ఆమె మాట తగ్గెను. నాలుగు నెలలకు అన్నము తగ్గెను. మంచముమీద గోడవైపు తిరిగి పరుండెడిది. "అక్కా, ఏమి కావలెను?" అని నేనడిగిన, "నాకేమి కావలెనురా, అంతయు ఉన్నది గదా" యనెడిది. ఆ మాట వినుట యేడ్పు వినుటకంటె కష్టముగా నుండెను. వైద్యునకు చూపితిమి. ఇది ముసలితనము కాదు, దిగులువ్యాధి యని చెప్పి మందు లిచ్చెను. నిద్ర కొంత పట్టెను. కాని లేచి యేమి చేయవలెనో ఆమెకు తెలియదయ్యెను.

అప్పుడు మా మేనల్లుడు ఇంటిముందు గట్టినేల నంతయు బండలు పరపించెను. పనివారు తెచ్చినవానిలో ఒక బండ తక్కువయ్యెను. ఎల్లుండి తెత్తుమనిరి, పదిదినములైనను తేలేదు. ఆ సందులో అక్కగారి మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, ఏదో ఆటగా మన్ను గిల్లుచుండెను. అక్కగారు మంచముమీదినుండి చూచి, "అట్లు గాదే, గుంత ఇంకను లోతు తీయవలె" ననెను. అనేకదినముల తరువాత అడుగకుండ ఆమె యనిన మొదటిమాట యది. పిల్ల లోతు తీసెను. ముసలామె లేచి వచ్చి గుడ్డమూట విప్పెను. అందు పాత పెరటి చిక్కుడుగింజలు ఉండెను.

మొలక ఐదారుదినములలో వచ్చెను. మరుసటివారము బండలవాడు బండ తెచ్చెను గాని అక్కగారు వానిని గుమ్మము దాటనీయలేదు. తీగ ప్రాకుటకు పురికొస కట్టించెను. ప్రొద్దున చెంబుతో నీరు పోయుటకు లేచెడిది. లేచినది గావున ముఖము కడిగికొనెడిది. కడిగికొన్నది గావున కాఫీ త్రాగెడిది. ప్రక్కయింటి యామె గోడమీదినుండి "ఇది ఏ రకము చిక్కుడమ్మా?" యని యడిగెను, ఆమెయు మునిగిన యూరినుండి వచ్చినదే. సంక్రాంతికి మా యింటికి ఒక సంచి కాయలు పంపెను. పదేండ్లుగా చెట్లు పెంచుచున్న నాకు ఆ సంచి విప్పినపుడు కన్నులు చెమ్మగిల్లినవి.

ఆమె దుఃఖము తీరెనని నేను చెప్పను. అరువదియేండ్ల కాపురము నీటిక్రింద నున్నప్పుడు ఒక చిక్కుడుతీగతో అది తీరునా? మందులు వైద్యుడు చెప్పినంతకాలము మ్రింగెను. కాని మందు ఆమెను మంచముమీద నిద్రపుచ్చగా, తీగ ఆమెను మంచమునుండి లేపెను. రెండును కావలసివచ్చినవి.

కావున తోటపనిని మందునకు మారుగా నేను చెప్పుటలేదు, తోడుగా చెప్పుచున్నాను. ఈ సందర్భమున కొన్ని హెచ్చరికలు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడిగియే పార పట్టవలెను. మన సీమలో వేసవిని నలుబది డిగ్రీలు దాటు నెండలో ఎనిమిదిగంటల తరువాత తోటలో నుండరాదు. ప్రొద్దుటను, సాయంత్రమును మాత్రమే పని. మధుమేహమున్నవారు వట్టికాళ్ళతో మన్ను త్రొక్కరాదు. చిన్న ముల్లు పెద్ద పుండగును. ధనుర్వాతపు సూది అందరును వేయించుకొనవలెను. కట్టెలు, రాళ్ళు కుప్పగా పోయరాదు. వానిక్రింద తేళ్ళు, పాములు చేరును. చీకటిలో దీపము లేక పోరాదు. ఒకవేళ పాము కరచినయెడల కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుట మొదలగునవి చేయక, కరచిన యంగము కదలకుండ నుంచి వెంటనే ఆసుపత్రికి పోవలెను. విరుగుడు సూది అచ్చటనే యున్నది. కుండీలక్రింది పళ్ళెములలో నీరు నిలువనీయరాదు; వారముదినములలో దోమ పుట్టును, డెంగీజ్వరము వచ్చును. పసిపిల్లలున్న యింట గన్నేరు, ఉమ్మెత్త వలదు, రెండును విషమే. పురుగుమందును ఇంట ఉంచనేరాదు. కూరగాయలను కొంత పురుగు తినిన తినుగాక.

ఇక నారంభించు విధము. ఎకరములు అక్కరలేదు. మీ పెరటిలో నొక్క బండను లేపుడు. అంతే. బండక్రింది నేల గట్టిపడి యుండును గావున మోచేతిలోతు త్రవ్వి, మాగిన పేడయెరువును సగపాలు కలుపుడు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతపు నల్లరేగడి యైనయెడల కొంత ఇసుకయు చేర్పుడు. లేనిచో వానకు బురదయు, ఎండకు నెఱ్ఱెయు అగును. మేడమీద నున్నవారికి కుండీ చాలును, అడుగున రంధ్రముండవలెను.

కడపజిల్లాలో ఏటికి సగటున 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే. కావున నీటిని పొదుపుగా వాడవలెను. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మొక్కకు పనికివచ్చును. పూర్వపు ఉపాయ మొకటి కలదు. కాల్చిన మట్టికుండను మెడవరకు పాదులో పాతి నీరు నింపి మూత పెట్టినచో, కుండ చెమర్చి వేళ్ళకు కావలసినంత నీరే యిచ్చును. పాదుమీద ఎండుటాకులు పరచిన తేమ నిలుచును.

వేసవిలో ఆరంభించి నిరుత్సాహపడవలదు. తొలకరిలో చిక్కుడు, బీర, బెండ, గోరుచిక్కుడు గింజలు వేయుడు. కార్తీకమాసమున కొత్తిమీర, మెంతి, పాలకూర చల్లుడు. మెంతి వారములోపలనే మొలచును గావున ఓపికలేనివారికి మొదటిపాఠముగా మంచిది. మునగకొమ్మను నాటినచో నిలుచును. తులసి, కరివేప, నిమ్మ ఏ యింటనైనను ఉండదగినవి. మల్లెను చలికాలమున కత్తిరించిన వేసవిని విరగబూయును. ఒకటి చనిపోయిన బెంగపడకుడు. నావి మొదటియేడు సగము చచ్చినవి. అంగడిలో నష్టము వచ్చిన మరునాడు తలుపు తెరచినవారము గదా మనము!

పోషకులగు పెద్దలకు మూడు విన్నపములు. మొదటిది: మన సంఘము కట్టించు విద్యార్థి వసతిగృహములలో ఆవరణమంతయు సిమెంటు పోయక, కొంత నేలను మన్నుగనే విడువుడు. నలుగురు పిల్లలకు ఒక మడి చొప్పున ఇప్పింపుడు. మొక్కై వంగనిది మానై వంగునా యన్న సామెత చెట్టునకు గాదు, పిల్లవానికే. పరీక్షలభయముతో నిద్రమాని కుములు బిడ్డకు, తాను నీరుపోసిన పాదు దగ్గర పావుగంట కూర్చుండుట ఏ ఉపదేశముకంటెను మేలు. రెండవది: కల్యాణమండపముల ప్రక్కనో, సత్రముల వెనుకనో వృద్ధులకొరకు నడుమెత్తున కడపబండలతో తొట్లవలె గోడలు నిలిపి, మన్ను నింపి, వంగనక్కరలేని మడులు కట్టింపుడు. మోకాళ్ళనొప్పి గలవారు గూడ కుర్చీలో కూర్చుండి పనిచేయవచ్చును. పరచిన బండ తోటను చంపినది. నిలిపిన బండ తోటను నిలుపును.

మూడవది నాకు ముఖ్యమైనది. జలాశయమున ఇండ్లు పోగొట్టుకొని కాలనీలలో నున్నవారిలో మన కులబాంధవులు కలరు, ఇతరులును కలరు. ఈ పనిలో కులభేదము చూడవలదు. ప్రతియేటను తొలకరికి ముందుగా ఇంటింటికి ఒక బండి మంచిమన్ను, ఒక బస్తా ఎరువు, ఒక నిమ్మమొక్క, ఒక కరివేపమొక్క, పిడికెడు గింజలు మన సంఘముపక్షమున ఇప్పింపుడు. దీనికగు వ్యయము మన సభావేదికకు కట్టిన యలంకారముల వ్యయమునకు మించదు. పలకలమీద దాతల పేర్లు చెక్కింపనక్కరలేదు. వారి పెరళ్ళు మునుగుటచేతనే నిలిచిన నీటితో పండిన చీనీపండును మనము తినుచున్నాము. అది దానము కాదు, ఋణము తీర్చుట.

పెరటిచెట్టు మందునకు రాదని పెద్దలనిరి. దగ్గరనున్నదానిని మనము లెక్కచేయమని వారి భావము. ఆ సామెతను అబద్ధము చేయుట మన చేతిలో నున్నది. కోటవారి పారేబాగు నేడు పేరుగా మాత్రమే మిగిలినది. దానిని మరల మొలిపించుట మన వశము కాదు. కాని ఈ సభ ముగిసి ఇండ్లకు పోయినవెంటనే ప్రతివారును పెరటిలో నొక్క బండ లేపినయెడల, వచ్చు వార్షికోత్సవమునాటికి మనలో ఎవరికి నిద్ర పట్టుచున్నదో, ఎవరి చక్కెర తగ్గినదో, ఎవరి యింటి ముసలివారు నవ్వుచున్నారో లెక్క చెప్పుకొనవచ్చును. వచ్చునప్పుడు మీ పెరటి కాయలు కొన్ని సంచిలో వేసికొని రండు. నేను మా అక్కగారి చిక్కుడుగింజలు తెచ్చెదను, అడిగినవారికెల్ల ఇచ్చెదను.